ఒక్క పన్ను తేడా, ఒక్క బోల్టు తుప్పు: డర్ట్ బైక్ చైన్ వెనక కథ

ఇవాళ టేబుల్ మీద మూడు వస్తువులు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి 13 పళ్ళ ఫ్రంట్ స్ప్రాకెట్. రెండోది 52 పళ్ళ వెనక స్ప్రాకెట్. మూడోది, కెమెరాకి దగ్గరగా పెడతాను చూడండి, విరిగిన బోల్టు. తల ఉంది, మెడ ఉంది, కింద సగం లేదు. ఆ కింద సగం నా బండి స్వింగార్మ్ లోపల ఇరుక్కుపోయింది. దాని వల్ల నా జీవితంలో మొదటి రేసు పోయింది.

ముందు ఆ గొడవ చెప్పేస్తాను. మాది కాకినాడ. ప్రాక్టీస్ అంతా ఉప్పాడ వైపే, సరుగుడు తోటల పక్కన ఇసుక దారుల్లో. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి తెలుసు, అల పెద్దదైతే నీళ్ళు వచ్చి నేరుగా బండి మీదే పడతాయి. రేసు వేరే రాష్ట్రంలో, ఎంట్రీ ఫీజు కట్టేశాను, బండిని వ్యాన్‌లో వేసుకెళ్ళడానికి ఇద్దరు ఫ్రెండ్స్ డబ్బులు కలిపారు. ట్రాక్ మెత్తటి మట్టి అని విన్నాను. సరే, వెనక 50 తీసి 52 వేద్దాం అనుకున్నాను. అరగంట పని. ఎడమ పక్క చైన్ అడ్జస్టర్ బోల్టు హాయిగా తిరిగింది. కుడి పక్కది కదల్లేదు. పానాకి పైపు తొడిగి గట్టిగా లాగాను. టక్ మంది. ఎప్పుడైనా బోల్టు విరిచినవాళ్ళకి ఆ శబ్దం తెలుసు, కడుపులో ఏదో జారినట్టు ఉంటుంది.

మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బోల్టు తల చేతిలో తిప్పి చూసి, "ఇది కంపెనీ బోల్టు కాదు కదరా?" అన్నాడు. "కాదు బాబాయ్, స్టెయిన్‌లెస్. తుప్పు పట్టదని నేనే వేశాను" అన్నాను. ఆయన నవ్వాడు. "దీనికి పట్టలేదురా అబ్బాయ్. దీని పక్కదానికి పట్టింది."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని చదవడం మొదలుపెడితే ఎక్కడెక్కడికో వెళ్ళాను. మాంచెస్టర్ వెళ్ళాను, ఇంగ్లాండ్ పక్కన ఉన్న ఒక చిన్న ద్వీపానికి వెళ్ళాను, చివరికి 1761 నాటి ఒక యుద్ధనౌక అడుగు భాగానికి చేరాను. అదే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు స్ప్రాకెట్. అసలు గేరింగ్ అంటే ఏంటో తెలియాలంటే పాత సైకిల్ బొమ్మ ఒకటి గుర్తు తెచ్చుకోండి. ముందు మనిషంత చక్రం, వెనక పిల్ల చక్రం. 1870లలో ఇంగ్లాండ్‌లో అదే సైకిల్. పెడల్ నేరుగా ముందు చక్రానికే ఉండేది. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టే. మరి స్పీడ్ కావాలంటే? చక్రం పెద్దది చేయడం తప్ప దారి లేదు. ఎంత పెద్దది? మీ కాలు అందినంత. అంటే అప్పట్లో గేరింగ్‌ని దర్జీవాడిలా కాలు కొలిచి తీసుకునేవాళ్ళు. 50, 55 అంగుళాల చక్రాలు మామూలే. పొట్టివాడు తక్కువ స్పీడ్, పొడుగువాడు ఎక్కువ స్పీడ్. రాయి తగిలితే ఇద్దరూ తలకిందులే.

చైన్ వచ్చి ఈ లెక్క మార్చేసింది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అనే సైకిల్ తీసుకొచ్చాడు. చక్రాలు దాదాపు సమానం, మధ్యలో పెడల్, అక్కణ్ణుంచి వెనక చక్రానికి చైన్. మన ఊళ్ళో పాలవాళ్ళు తొక్కిన సైకిల్ ఉంది కదా, దాన్నే తీసుకోండి. చక్రం 28 అంగుళాలు, ముందు 44 పళ్ళు, వెనక 18 అనుకుందాం. 44ని 18తో భాగించి 28తో గుణిస్తే 68. అంటే ఆ చిన్న చక్రం 68 అంగుళాల రాక్షస చక్రంలా పరిగెడుతుంది. అంత చక్రం తొక్కే కాళ్ళు మనుషుల్లో దాదాపు ఎవరికీ ఉండవు. ఇంగ్లీష్ మాట్లాడే దేశాల్లో సైకిల్ వాళ్ళు ఇప్పటికీ గేర్‌ని అంగుళాల్లో చెప్పుకుంటారు, ఆ లెక్క ఎక్కడిదో చాలామందికి తెలియదు. అది చచ్చిపోయిన పెద్ద చక్రం దయ్యం.

ఇక్కడ ఒక్కటి గమనించండి. సైకిల్‌కి ముందు పెద్దది, వెనక చిన్నది. మోటార్‌సైకిల్‌కి ఉల్టా, ముందు చిన్నది, వెనక పెద్దది. ఎందుకంటే కాలు మెల్లగా, బలంగా తొక్కుతుంది, దాని స్పీడ్ పెంచాలి. ఇంజన్ పిచ్చిగా తిరుగుతుంది, దాన్ని తగ్గించి బలం చేయాలి.

సరే, చైన్ ఎవరు కనిపెట్టారు? ఈ ప్రశ్నకి ఒక్క పేరు చెప్పేవాళ్ళని నమ్మకండి. చైనాలో సు సోంగ్ అనే ఆయన 11వ శతాబ్దం చివర కైఫెంగ్‌లో కట్టించిన గడియారం గోపురంలో శక్తిని అందించే చైన్ ఉంది. లియొనార్డో డా విన్చీ నోటు పుస్తకాల్లో చైన్ బొమ్మలున్నాయి. కానీ రోజూ బురదలో, వానలో తిరిగి కూడా అరగని చైన్ కావాలంటే 1880 దాకా ఆగాలి.

ఆ మనిషి పేరు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టాడు, పని కోసం మాంచెస్టర్ వచ్చాడు. 1879లో పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ అనే ఆయన దగ్గర బట్టల మిల్లులకి చైన్‌లు చేసే చిన్న వ్యాపారం కొనుక్కున్నాడు. స్లేటర్ చైన్ మంచిదే, కానీ త్వరగా అరిగేది. లింకుని లింకుతో కలిపే పిన్ను సన్నటి రేకు అంచు మీద రాసుకుంటూ తిరుగుతుంది. మన ఇంటి తలుపు బందు సన్నటి రేకుదైతే రెండేళ్ళకే తలుపు వాలిపోతుంది కదా, అలా. రెనాల్డ్ ఏం చేశాడంటే, ఆ పిన్ను చుట్టూ ఒక చిన్న గొట్టం పెట్టాడు, దాన్నే బుష్ అంటాం. ఇప్పుడు బరువు రేకు అంచు మీద కాదు, గొట్టం పొడుగంతా పరుచుకుంటుంది. ఆ గొట్టం మీద రోలర్ తిరుగుతుంది, రోలర్ పంటి మీద కూర్చుంటుంది. 1880లో పేటెంట్ తీసుకున్నాడు. మీ బండి కింద వంగి చూడండి, ఉన్నది అదే. మధ్యలో రబ్బరు ఓ-రింగులు వచ్చాయి, స్టీల్ మెరుగైంది, కానీ ఎముకలు రెనాల్డ్‌వే. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో వస్తువులు త్వరగా మారిపోతుంటాయి. బండిలో ఈ ఒక్క ముక్క 140 ఏళ్ళుగా దాదాపు అలానే ఉంది.

మరి మోటార్‌సైకిల్స్ వెంటనే చైన్ వేసుకున్నాయా? లేదు. మొదట్లో చాలా బండ్లకి తోలు బెల్టు. దానికి కారణం ఉంది, బెల్టు మెత్తగా లాగుతుంది, ఇంజన్ కుదుపు చక్రానికి చేరనివ్వదు. చైన్ కర్కశంగా ఉంటుందని వంక పెట్టేవాళ్ళు. కానీ వాన పడితే బెల్టు జారేది. ఎత్తు వస్తే ఇంకా జారేది. అమెరికాలో ఇండియన్ కంపెనీ 1901లో తన మొదటి బండికే చైన్ పెట్టింది. పేరు ఇండియన్ అని మనవాళ్ళు అనుకోకండి, మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ కంపెనీ అది.

తేలిపోయింది 1911లో. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసు పేరు మీరు వినే ఉంటారు. అంతకుముందు అది పొట్టి దారిలో జరిగేది. 1911లో మొదటిసారి కొండ దారికి మార్చారు. ఒక్క చుట్టు 60 కిలోమీటర్లు, మధ్యలో స్నేఫెల్ అనే కొండ మీదికి 400 మీటర్ల ఎత్తు దాకా ఎక్కాలి. ఒకే గేరు, తోలు బెల్టు ఉన్న బండ్లకి అది నరకం. ఇండియన్ బండ్లు రెండు గేర్లతో, చైన్‌తో వచ్చాయి. సీనియర్ టీటీలో ఆలివర్ గాడ్‌ఫ్రీ మొదటి స్థానం, చార్లెస్ ఫ్రాంక్లిన్ రెండు, ఆర్థర్ మూర్‌హౌస్ మూడు. ముగ్గురూ ఇండియన్ మీదే. ఇంగ్లాండ్ వాళ్ళ ఇంటి రేసులో అమెరికా బండి మూడు స్థానాలూ పట్టుకుపోయింది. బెల్టు రాత్రికి రాత్రే చచ్చిపోలేదు, చిన్న బండ్లలో ఇంకొన్నేళ్ళు బతికింది. కానీ కొండ ముందు ఎవరు నిలబడతారో అందరూ చూసేశారు.

మరుసటి ఏడాది 1912లోనూ, 1913లోనూ గెలిచింది స్కాట్ బండి. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన మెషీన్ ఇదే. యార్క్‌షైర్‌కి చెందిన ఆల్‌ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ చేశాడు. ఆయన బండిలో ఇంజన్ నుంచి రెండు చైన్‌లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో సైజు స్ప్రాకెట్ జత. పాదం కింద ఒక రాకర్ పెడల్. ముందుకి నొక్కితే ఒక చైన్ పనిచేస్తుంది, వెనక్కి నొక్కితే ఇంకోటి. అర్థమైందా? మనం గ్యారేజీలో అరగంట కూర్చుని చేసే పనిని ఆయన రేసులో పాదంతో చేయించాడు. స్ప్రాకెట్ మార్చడమే గేరు మార్చడం. దీనికి మించిన పాఠం నాకు కనిపించలేదు.

ఈ స్కాట్ తన ఫ్యాక్టరీ పనివాళ్ళకి 1914లో యార్క్‌షైర్ కొండల్లో ఒక పోటీ పెట్టాడు, స్కాట్ ట్రయల్ అని. పదేళ్ళకి, 1924లో, దక్షిణాన కాంబర్లీ దగ్గర కొందరు అలాంటిదే పెట్టి, బ్యాలెన్స్ మార్కుల గొడవ తీసేసి, ఎవరు ముందొస్తే వాళ్ళదే అన్నారు. దానికి స్క్రాంబుల్ అని పేరు పెట్టారు. ఇవాళ మనం మోటోక్రాస్ అంటున్న ఆటకి మొదలు అదే. రోడ్డు బండి నుంచి డర్ట్ బండి విడిపోయింది అక్కడే. విడిపోగానే స్ప్రాకెట్ సొంత లెక్క అయింది. రోడ్డు ఎక్కడైనా ఒకటే, బురద ఏ ఊరికి ఆ ఊరిది.

మన దగ్గర ఇంకో తేడా కూడా చూడండి. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకి, తర్వాత ఆర్‌ఎక్స్ 100కి చైన్ మొత్తం రేకు డబ్బాలో మూసి ఉండేది. చీర కొంగు పడకుండా, దుమ్ము తగలకుండా. రోడ్డుకి అది బంగారం. డర్ట్ బైక్‌కి అదే డబ్బా పెడితే బురద లోపల చేరి గట్టిపడి, చైన్‌నే పట్టేస్తుంది. అందుకే డర్ట్ బైక్ చైన్ బట్టల్లేకుండా తిరుగుతుంది. చైన్‌తో పాటు దాని వెనకున్న అడ్జస్టర్ కూడా.

ఇప్పుడు లెక్కకి వద్దాం, ఇది కాస్త రాసుకోండి. వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగించాలి. 13, 50 ఉంటే 3.85. ఈ అంకె పెరిగితే బండి కింద బలంగా లాగుతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది. తగ్గితే ఉల్టా. ముందు ఒక్క పన్ను తగ్గించి 12 చేస్తే 4.17 అవుతుంది. అదే పని వెనక చేయాలంటే 50ని 54 చేయాలి. అంటే ముందు ఒక పన్ను వెనక నాలుగు పళ్ళతో సమానం. ముందు పన్ను గొడ్డలి, వెనక పన్ను ఉలి. నేను కొత్తవాళ్ళకి ఎప్పుడూ వెనకే మార్చమంటాను, అదీ ఒకటీ రెండూ పళ్ళే.

ఎప్పుడు మార్చాలో బండే చెప్తుంది. మలుపు తిరిగి బయటికొచ్చేటప్పుడు రెండో గేర్‌లో ఇంజన్ మూలుగుతుంది, ఒకటో గేర్‌లో అరుస్తుంది, మీరేమో ప్రతిసారీ క్లచ్‌ని సగం పట్టుకుని నెట్టుకొస్తున్నారు, అయితే వెనక పళ్ళు పెంచండి. తిన్నటి దారిలో టాప్ గేర్‌లో ఇంజన్ గొంతు చించుకుంటోంది, ఇంకా దారి మిగిలే ఉంది, అయితే తగ్గించండి. మెత్తటి ఇసుక బండిని వెనక్కి లాగుతుంది కాబట్టి పెంచడమే మేలు. ఇంటర్నెట్‌లో ఎవరో 51 వేశాడని మీరు 51 వేయకండి, ఆయన బరువు వేరు, ఆయన ఊరి మట్టి వేరు.

చాలామందికి తెలియని ముక్క ఇప్పుడొస్తుంది. 13కి 52 వేస్తే సరిగ్గా 4.0. 12కి 48 వేసినా 4.0. బలం, స్పీడ్ రెండిట్లోనూ ఒకటే. మరి ఏది మంచిది? చైన్ గుండ్రటి చక్రం మీద తిరగట్లేదు, పళ్ళున్న బహుభుజి మీద తిరుగుతోంది. పళ్ళు తగ్గేకొద్దీ ఆ మూలలు పదునెక్కుతాయి. 14 పళ్ళ స్ప్రాకెట్ మీద చైన్ వేగం ఒక్కో పంటి దగ్గర రెండున్నర శాతం ఊగుతుంది. 11 పళ్ళయితే 4 శాతం. ఊపు పెరిగితే చైన్ అరుగుదల కూడా పెరుగుతుంది, లింకులు ఎక్కువ కోణం వంగాలి, స్వింగార్మ్ మీద ఉండే ప్లాస్టిక్ పట్టీ కూడా త్వరగా తెగుతుంది. కాబట్టి చోటుంటే పెద్ద జతే వేయండి.

చోటుంటే అన్నాను కదా. మన కథ మొత్తం ఆ మాట దగ్గరే మలుపు తిరుగుతుంది. చైన్ పొడుగు మారదు, పళ్ళు పెరిగాయి. ఆ పెరిగిన చుట్టుకొలతకి చైన్ ఎక్కణ్ణుంచి రావాలి? వెనక చక్రం ముందుకి జరగాలి. మామూలు 520 చైన్‌లో ఒక్కో లింకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. ఒక్క పన్ను మార్చితే యాక్సిల్ సుమారు 4 మిల్లీమీటర్లు కదలాలి. నేను రెండు పళ్ళు పెంచాను, 8 మిల్లీమీటర్లు. ఆ 8 మిల్లీమీటర్లూ ఇచ్చేది ఈ విరిగిన బోల్టే. గోడకి ఎన్ని స్ప్రాకెట్లు తగిలించుకున్నా సరే, అడ్జస్టర్ తిరగకపోతే అవన్నీ అలంకారం.

చైన్ వదులు కూడా దీని చేతిలోనే ఉంది. 1973లో యమహా ఒకే స్ప్రింగ్ ఉన్న వెనక సస్పెన్షన్‌తో 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచింది, నడిపింది స్వీడన్‌కి చెందిన హాకాన్ ఆండర్సన్, ఆలోచన బెల్జియం ఇంజనీర్ లూసియన్ టిల్కెన్స్‌ది. అక్కణ్ణుంచి వెనక చక్రం ఆడే ఎత్తు పెరుగుతూ పోయింది. చక్రం పైకి కిందికి ఆడేటప్పుడు ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్, వెనక యాక్సిల్ ఒకే గీత మీదికి వచ్చే క్షణం ఉంటుంది. చైన్ అక్కడ అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది. నిలబెట్టిన బండికి చైన్ బిగుతుగా, అందంగా కనిపిస్తే, జంప్ చేసి దిగినప్పుడు అది గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌ని పీకుతుంది. డర్ట్ బైక్ చైన్ వేలాడుతున్నట్టు కనిపించడం సోమరితనం కాదు. మీ బండి మాన్యువల్‌లో ఉన్న కొలతే పెట్టండి.

బండ్లు పైకి ఎగిరేకొద్దీ బరువు తగ్గించాలనుకున్నారు, స్టీల్ స్వింగార్మ్ పోయి అల్యూమినియం వచ్చింది. తేలిక, గట్టి, అందం. అడ్జస్టర్ బోల్టు మాత్రం స్టీల్‌దే. అల్యూమినియం లోపల మర, దాంట్లో స్టీల్ బోల్టు, చుట్టూ బురద నీళ్ళు. ఈ జంట కొత్తది, గొడవ మాత్రం చాలా పాతది.

1761. బ్రిటిష్ నౌకాదళానికి ఒక పురుగుతో పెద్ద బాధ. ఉష్ణదేశాల సముద్రాల్లో చెక్క ఓడ అడుగుని తొలిచేసే నావ పురుగు. అలార్మ్ అనే యుద్ధనౌక అడుగు మొత్తానికి రాగి రేకు కొట్టి వెస్టిండీస్ పంపారు. పురుగు ఆగింది. కానీ రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చాక చూస్తే, రేకులు కొన్ని ఊడిపోయాయి. రేకు బాగానే ఉంది, దాన్ని పట్టుకున్న ఇనప మేకులు తినేసినట్టు అయిపోయాయి. విచిత్రం ఏంటంటే కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. దగ్గరికెళ్ళి చూస్తే వాటికీ రాగికీ మధ్య గోధుమ రంగు కాగితం ముక్క ఉంది. రాగి రేకులు చుట్టి వచ్చిన ప్యాకింగ్ కాగితం! ఎవరో పనివాడు పూర్తిగా తీయకుండానే మేకు కొట్టేశాడు. ఆ బద్ధకం మేకుని కాపాడింది. ఇనుమునీ రాగినీ సముద్రపు నీళ్ళలో ఒకదానికొకటి తగలనివ్వకూడదని నౌకాదళం నేర్చుకుంది.

ఎందుకలా జరిగిందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఇటలీలో గాల్వానీ రెండు రకాల లోహాలతో కప్ప కాలిని ముట్టి అది ఎగరడం చూసి 1791లో రాశాడు. వోల్టా 1800లో కప్పని పక్కన పెట్టి రెండు లోహాల బిళ్ళల మధ్య ఉప్పు నీటితో తడిపిన గుడ్డ పేర్చి మొదటి బ్యాటరీ చేశాడు. రెండు వేరు లోహాలు, మధ్యలో ఉప్పు నీరు, రెండూ తగులుకుంటే కరెంటు పారుతుంది, బలహీనమైన లోహం కరిగిపోతుంది. 1824లో హంఫ్రీ డేవీ దీన్నే తిప్పి వాడాడు. రాగిని కాపాడాలంటే దాని పక్కన ఇంకా బలహీనమైన జింక్ లేదా ఇనుము ముక్క పెట్టు, అది తినిపించుకుంటుంది, రాగి బతుకుతుంది అని. రాగి నిజంగానే బతికింది, కానీ కరగని రాగి మీద నాచూ గవ్వలూ హాయిగా పెరిగి ఓడ నడక మందగించింది. ఇనప ఓడలకి మాత్రం ఆ ఉపాయం ఇప్పటికీ అన్నం పెడుతోంది. అడుక్కి బిగించిన జింక్ దిమ్మలు డేవీ మనవలే.

ఇప్పుడు నా బోల్టుకి రండి. స్టీల్‌కీ అల్యూమినియంకీ మధ్య బలహీనమైనది అల్యూమినియం. అంటే తినబడేది 100 రూపాయల బోల్టు కాదు, స్వింగార్మ్. స్టెయిన్‌లెస్ అయితే మామూలు స్టీల్ కన్నా ఇంకా మొండిది, తను తుప్పు పట్టదు, పక్కనున్న అల్యూమినియంని ఇంకా ఎక్కువ తింటుంది. మధ్యలో ఉప్పు నీరు ఉప్పాడ సముద్రం ఫ్రీగా ఇచ్చింది. నేను తుప్పు రాకూడదని డబ్బులు పెట్టి బ్యాటరీ తయారు చేసుకున్నాను. అల్యూమినియం తుప్పు ఎర్రగా ఉండదు, తెల్లటి పొడి. ఆ పొడి కరిగిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఉబ్బి బోల్టుని సిమెంట్ పోసినట్టు పట్టేస్తుంది. బాబాయ్ ఒక్క ముక్కలో చెప్పింది ఇదే.

ఆయన ఆ ముక్కని మధ్యలో రంధ్రం వేసి, మెల్లమెల్లగా పెద్దది చేసి, పాత మర మొత్తం తీసేసి, స్ప్రింగ్ లాంటి స్టీల్ మర కొత్తది దించాడు. రెండు రోజులు పట్టింది. వ్యాన్ బయల్దేరాల్సిన రాత్రి నా బండి లేత్ షాపులో ఉంది. ఫ్రెండ్స్ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

నేను చేయాల్సింది ఏంటో కూడా ఆయనే చెప్పాడు. బోల్టు మొండికేస్తే పైపు తొడగకూడదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి, మర్నాడు మళ్ళీ కొట్టాలి. అయినా కదలకపోతే హీట్ గన్‌తో స్వింగార్మ్‌ని వేడి చేయాలి. అదే వేడికి అల్యూమినియం స్టీల్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, రంధ్రం వదులవుతుంది. నూనె పూర్తిగా తుడిచేశాకే, చైన్, టైరు తీసి పక్కన పెట్టాకే, మంట మాత్రం వద్దు, పైన పెట్రోల్ ట్యాంకు ఉందని మర్చిపోకండి. కదిలాక కూడా ఒకే దిక్కుకి తిప్పకండి. పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు, పొడి బయటికి రానివ్వండి.

అసలు అక్కడిదాకా రానివ్వకపోవడం సులువు. మనకి కావాల్సింది ఆ అలార్మ్ ఓడ మీది గోధుమ రంగు కాగితం, అంతే. నా కాగితం మెరైన్ గ్రీజు. హార్బర్ దగ్గర పడవ ఇంజన్ల సామాన్లు అమ్మే షాపులో కొన్నాను, నీటికి కడుక్కుపోదు. యాంటీ సీజ్ పేస్ట్ కూడా మంచిదే, కాకపోతే రాగి పొడి కలిపిన రకం సముద్రం దగ్గర అల్యూమినియం పక్కన నేను పెట్టను, అలార్మ్ కథ చదివాక నా చేయి రాదు. రెండు అడ్జస్టర్ బోల్టులూ పూర్తిగా బయటికి తీసి, మరని బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, గ్రీజు మర పొడుగంతా రాసి, చెక్ నట్ కిందా రాసి బిగించండి. పైపైన స్ప్రే కొడితే లోపలికి వెళ్ళదు. వాటర్ సర్వీస్ గన్‌ని వెనక నుంచి ఆ బోల్టు సందులోకి గురి పెట్టొద్దు, నీళ్ళు లోపలికి వెళ్తాయి కానీ బయటికి రావు. కడిగిన ప్రతిసారీ చెక్ నట్ వదులు చేసి బోల్టుని అర చుట్టు లోపలికి, అర చుట్టు బయటికి తిప్పి మళ్ళీ అదే గుర్తుకి తెచ్చేయండి. రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుని స్ప్రాకెట్ పళ్ళు ఒక పక్కే అరుగుతాయి. అన్నట్టు, ట్రయల్స్ బండ్లలో నత్త ఆకారంలో ఉండే తిరుగుడు అడ్జస్టర్ చూస్తారు, స్వింగార్మ్ లోపల మరే ఉండదు. తిప్పితే చాలు. అందరూ అదే ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ కోపమే.

వచ్చే నెల ఇంకో రేసుకి ఎంట్రీ కట్టాను. నిన్న రాత్రి 50 తీసి ఈ 52 పెట్టి కొలతలు చూసుకున్నాను. కుడి పక్క బోల్టు దగ్గర పానా పెట్టేటప్పుడు చేయి కాస్త వణికింది. రెండు వేళ్ళతోనే తిరిగింది. యాక్సిల్ 8 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. ఇవాళ మీకు చూపించడానికి మళ్ళీ విప్పాను, ఇప్పుడెళ్ళి బిగించుకోవాలి. ఉంటాను మరి.